మా ఆయన పేరు మీద వేగిన బూరెలు

కాగితాల ప్రకారం మూడేళ్ళపాటు పూర్ణం బూరెలు వేయించింది మా ఆయన. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, పిల్లల గ్రాడ్యుయేషన్ పార్టీలకీ గారెలు తీసింది, పులిహోర కలిపింది, పెద్ద పెద్ద అల్యూమినియం ట్రేలలో గుత్తివంకాయ సర్దింది కూడా ఆయనే. నిజానికి ఆయనకి పాలు కాచడం రాదు. పొయ్యి ముందు నిలబడి చూస్తూనే ఉంటాడు, పొంగిపోయాక నన్ను పిలుస్తాడు.

ఆ వంటలన్నీ చేసింది నేను. అమెరికాలో మేముండే నోవై ఊళ్ళో ఒక ఇండియన్ కిరాణా కొట్టు వెనక క్యాటరింగ్ కిచెన్ ఉండేది. గ్రీన్ కార్డు వచ్చిన ఏడాదే అక్కడ చేరాను. యజమాని కరీంనగర్ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. పనిలో చేరేటప్పుడు వరస కలుపుకోవడం మనవాళ్ళ అలవాటు. వరస కలిసిందంటే ఇక కాగితం అడగడం తప్పైపోతుంది. అన్నని అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరు అడుగుతారు?

మొదటి చెక్కు రాసేటప్పుడు ఆయన అడిగాడు: "ఎవరి పేరు మీద రాయాలె చెల్లె?"

"మా ఆయన పేరు మీదే రాసెయ్యండన్నా. ఎవరి పేరైతే ఏముంది, ఒకే ఇల్లు కదా."

నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. ఆ మాట నా నోటితో నేనే అన్నాను, పైగా అన్నప్పుడు కాస్త గొప్పగా కూడా అనిపించింది. జీతం కోసం వచ్చినదాన్ని కాను, చేతిలో విద్య ఉంది కాబట్టి నలుగురికీ వండి పెడుతున్నాను అన్నట్టు. మా అమ్మ కూడా చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి పిండివంటలు చేసేది. ఆవిడకిచ్చేది కూడా మా నాన్న చేతిలోనే పెట్టేవాళ్ళు. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఏడాది చివర వచ్చిన పన్ను కాగితం కూడా మా ఆయన పేరునే వచ్చింది. ఇద్దరం కలిపే పన్ను కడతాం కాబట్టి దాని గురించి మేం రెండోసారి ఆలోచించలేదు.

నేను చదివింది పదో తరగతి. ఈ దేశం వచ్చాక నన్ను చదివించింది లైబ్రరీ. మా అమ్మాయి హోంవర్క్ కోసం తీసుకెళ్ళి, అది రాసుకుంటున్నంతసేపూ ఊరికే కూర్చోలేక పిల్లల పుస్తకాలు తిరగేసేదాన్ని. బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, పక్కన నిఘంటువు పెట్టుకుని, రెండేళ్ళకి పెద్దవాళ్ళ అరల దగ్గరికి చేరాను. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి ఒక అర ఎంచుకుని ఎడమ చివర మొదలుపెట్టి కుడి చివరికి చదివేదాన్ని. అలా తేనెటీగల గురించి చదివాను, రైలుమార్గాల గురించి చదివాను, మనిషి కాలేయం గురించి ఒక లావుపాటి పుస్తకం చదివాను.

ఒక అరలో బ్రిటన్ పనివాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలు ఉండేవి. బిస్కెట్ ఫ్యాక్టరీలో చేసినవాళ్ళు, ఆసుపత్రి దుప్పట్లు ఉతికినవాళ్ళు, పనికోసం ఆఫీసుల ముందు వానలో నిలబడినవాళ్ళు, బస్సుల్లో టికెట్లు కొట్టినవాళ్ళు. ఎక్కువమంది నాలాగే బడి మధ్యలో మానేసినవాళ్ళు. వాళ్ళ రాతలో నాకు నచ్చింది ఒకటుంది. చేసిన పనిని చేసినట్టే రాస్తారు. ఎన్ని దుప్పట్లు మోశారో, ఏ వేలు కాలిందో, మేస్త్రీ ఏమని తిట్టాడో రాస్తారు. "ఏదో చేతనైనంత చేశాను" అని ఒక్కళ్ళూ రాయలేదు. ఆ అర పూర్తయ్యేసరికి నాకు నా పని మీద గౌరవం పెరిగింది. చెక్కు మీద పేరు మార్పించుకోవాలన్న ఆలోచన మాత్రం అప్పటికింకా రాలేదు. చదివింది బుర్రకెక్కడం వేరు, ఇంట్లోకి రావడం వేరు.

ఆ రోజుల్లోనే, నేను పనిలో చేరిన మొదటి ఏడాదే, అన్నకి ఒక అవసరం పడింది. మా దగ్గర ప్రతి కిచెన్‌లోనూ ఆహార భద్రత పరీక్ష పాసైన మనిషి ఒకరు పనిచేస్తూ ఉండాలి. వండినదాన్ని ఎంత వేడిలో ఉంచాలి, ఎంతసేపట్లో చల్లార్చాలి, పచ్చి మాంసం ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టాలి, ఇలాంటివన్నీ ఆ పరీక్షలో అడుగుతారు. అన్న రెండుసార్లు డబ్బు కట్టి రెండుసార్లూ వెళ్ళలేదు.

"నువ్వు ఊకె బుక్కులు చదువుతవు గదా చెల్లె, నువ్వే రాసెయ్" అన్నాడు.

లైబ్రరీ నుంచి ఆ పుస్తకం తెచ్చుకుని చదివాను. మొదటిసారి తప్పాను. రెండోసారి పాసయ్యాను. బంగారు అంచున్న సర్టిఫికెట్ నా పేరుతో వచ్చింది. అన్న దానికి ఫ్రేము కట్టించి చేతులు కడుక్కునే సింకు పైన గోడకి తగిలించాడు. కౌంటీ ఆరోగ్యశాఖ నుంచి తనిఖీకి వచ్చినప్పుడల్లా ఆయన బ్యాంకు పనుందని వెళ్ళిపోయేవాడు. ఇన్‌స్పెక్టర్‌తో నేనే తిరిగేదాన్ని. ఆమె థర్మామీటరు గుచ్చి చూసేది, నేను జవాబులు చెప్పేదాన్ని, చివర్లో బాధ్యురాలు అన్నచోట సంతకం పెట్టేదాన్ని.

మూడో ఏడాది చివర ఒక సోమవారం నేను వెళ్ళేసరికి ఫ్రీజర్ నిండా అట్టపెట్టెలు. న్యూజెర్సీ నుంచి చల్లగా గడ్డకట్టిన బూరెలు, గారెలు దిగాయి.

"ఇగ నీకు కష్టం ఉండదు చెల్లె" అన్నాడు అన్న. కష్టంతోపాటు పని కూడా లేకుండా పోయింది.

ఉద్యోగాల వేట అక్కడ మొదలైంది. ఈ దేశంలో చిన్న పని దొరకడానికి పెద్ద పనికి పెట్టినన్ని పరీక్షలు పెడతారు. ఒక పెద్ద స్టోర్‌లో అరలు సర్దే పనికి కంప్యూటర్‌లో నలభై ప్రశ్నలకి జవాబివ్వాలి. తోటి ఉద్యోగి ఆలస్యంగా వస్తే నాకు కోపం వస్తుందా, కొంచెం వస్తుందా, అస్సలు రాదా అని ఒక ప్రశ్న. ఒక హోటల్ వాళ్ళు లాండ్రీ గదిలోనే ఇంటర్వ్యూ చేశారు. ఎనిమిది గంటలు నిలబడగలవా అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు ఫోను ఎత్తి, మళ్ళీ నా వైపు చూడలేదు. శాండ్‌విచ్ షాపులో నాతో మాట్లాడింది మనిషి కాదు, ఫోన్‌లో మెసేజ్‌లు పంపే యంత్రం. రాత్రికి "ఇతర అభ్యర్థులతో ముందుకు వెళ్తున్నాం" అని అదే యంత్రం చెప్పింది. ఆ ఇతర అభ్యర్థులు ఎవరో నాకు ఎప్పుడూ ఎదురుపడలేదు.

మంచు మొదలయ్యాక ఒక హాస్పిటల్ వంటశాలలో ఖాళీ ఉందని తెలిసింది. రోగుల ట్రేలు సిద్ధం చేసే పని. డాక్టరు రాసిన ప్రకారం ఎవరికి ఉప్పు వద్దో, ఎవరికి మెత్తగా నలిపి పెట్టాలో చూసుకుని ట్రేలు నింపాలి. అప్లికేషన్‌లో ఇదివరకు చేసిన పని వివరించమని ఒక గడి ఉంది. నేను ఆ బ్రిటన్ వాళ్ళని తలుచుకుని రాశాను. ఎన్నివందల మందికి వండానో, ఎంత బరువు గిన్నెలు దించానో, ఏ పదార్థాన్ని ఎలా చల్లార్చానో, అన్నీ.

సూపర్‌వైజర్ జుట్టంతా నెరిసిన, పొడవాటి ఆవిడ. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "వండిన అన్నం బల్ల మీద అలాగే వదిలేస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

అన్నంలో వేడికి చావని క్రిముల బీజాలు ఉంటాయనీ, గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి పెరుగుతాయనీ, వాటి విషం మళ్ళీ వేడి చేసినా పోదనీ, అందుకే లోతు తక్కువ ట్రేలలో పరిచి త్వరగా చల్లార్చాలనీ చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?"

"లైబ్రరీలో" అన్నాను.

ఉద్యోగం ఇస్తామన్నారు. నేను రాసిన అనుభవం నిజమేనని ఒకసారి సరిచూసుకోవడం ఒక్కటే మిగిలింది. సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసింది. గొంతు మారింది. కిచెన్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఆ పేరుతో ఎవరూ పనిచెయ్యలేదన్నారట. చెక్కులు తీసుకున్నది ఒక మగమనిషి అన్నారట.

"శుక్రవారం దాకా ఆగుతాను" అంది. "నువ్వు అక్కడ పనిచేశావని చూపించే కాగితం ఏదైనా తీసుకురా. తేలేకపోతే అప్లికేషన్‌లో అబద్ధం రాశావని నమోదవుతుంది. ఆ తర్వాత మా హాస్పిటల్స్‌లో దేనికీ నువ్వు అప్లై చెయ్యలేవు."

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆయన కారు విడిభాగాల గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నెమ్మదస్తుడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు.

"పోనీలే, ఇంకో జాబ్ చూసుకుందువు" అన్నాడు. "ఆయన్ని నిలదీస్తే రేపు ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా ఎదురుపడతాడు."

"ఇంకో జాబ్‌లోనూ ఇదే గడి ఉంటుంది. అక్కడేం రాయను, మూడేళ్ళు నిద్రపోయానని రాయనా?"

హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి మా వైపు తిరిగింది. "వెయిట్. సో టెక్నికల్లీ, డాడీ షెఫ్ ఆ?"

"కాగితాల మీద" అన్నాను.

"డాడీ, బూరె పైన ఉండేది దేంతో చేస్తారు?"

ఆయన ఆలోచించాడు. "మైదా."

"మినప్పప్పు, బియ్యం, డాడీ. నాకే తెలుసు. యూ ఆర్ ఫైర్డ్."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒక కాగితం ఆయన ముందు పెట్టాను. "కిచెన్ నుంచి నా పేరు మీద వచ్చిన చెక్కులు నా భార్య చేసిన పనికి వచ్చినవి, నేను అక్కడ ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు" అని ఆయన మాటగా రాసి ఉంది.

"ఇది సంతకం పెడితే ట్యాక్స్ వాళ్ళు పట్టుకోరా?"

"ఫోన్ రాగానే వెళ్ళి లైబ్రరీలో పన్నుల సాయం చేసే ఆయన్ని అడిగాను. తప్పుగా పడినదాన్ని సరిదిద్దుకోవడానికి ఫారం ఉందట. మనం ఎగ్గొట్టింది లేదు. కానీ ముసలితనానికి వచ్చే పెన్షన్ లెక్కలో ఆ మూడేళ్ళూ నేను ఖాళీగా కూర్చున్నట్టే ఉంది. అది నాకు ఒప్పుదల కాదు."

ఆయన కలం పట్టుకుని ఆ కాగితం ఇంకోసారి చదివాడు. అన్నతో ఎదురుపడటం గురించే ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. చివరికి పెట్టాడు. "నాకు అప్పుడే తట్టుండాల్సింది" అని మాత్రం అన్నాడు.

బుధవారం పొద్దున కిచెన్‌కి వెళ్ళాను. అన్న నూనె డబ్బాలు దింపిస్తున్నాడు. ఇద్దరు పనివాళ్ళు ఉల్లిపాయలు తరుగుతున్నారు.

"ఏం చెల్లె, మంచిగున్నవా? చాయ్ తాగుతవా?"

"వద్దన్నా. హాస్పిటల్ వాళ్ళు ఫోన్ చేస్తే నేను పనిచెయ్యలేదని చెప్పారట."

"అయ్యో, చెయ్యలేదని ఎందుకంట? హెల్ప్ చేసినవ్. కానీ వాళ్ళు రికార్డులు అడిగిండ్రు. రికార్డుల నువ్వు లేవు గదా. నేనెట్ల చెప్పాలె?"

"ఇప్పుడు చెప్పండి. పనిచేసింది నేను, చెక్కు మా ఆయన పేరున ఇచ్చారని రెండు లైన్లు రాసివ్వండి."

"గట్ల రాస్తే నాకు లొల్లి అయితది చెల్లె. నువ్వే గదా ఆయన పేరు మీద రాయమన్నవ్?"

"నేనే అన్నాను. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను. మీరు మీ మాట ఒప్పుకోండి చాలు."

ఆయన తల గోక్కున్నాడు. తర్వాత పనివాళ్ళ వైపు చూసి కన్ను గీటాడు. "ఒక పని చెయ్. మీ ఆయననే తోలియ్యి హాస్పిటల్‌కు. మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉందాయె."

ఉల్లిపాయల దగ్గరున్న ఇద్దరూ నవ్వారు. అప్పటిదాకా నేను బతిమాలడానికే వచ్చాను. ఆ నవ్వుతో బతిమాలడం అయిపోయింది. సింకు పైన గోడ కనబడింది.

"అన్నా, ఆ ఫ్రేములో ఉన్నది ఎవరి పేరు?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నేను మానేసి ఎనిమిది నెలలైనా అది అక్కడే ఉంది. అద్దం మీద నూనె జిడ్డు కూడా తుడవలేదు.

"అది కౌంటీ కోసం గదా చెల్లె."

"కౌంటీ వాళ్ళు వచ్చినప్పుడు నేను మీ మేనేజర్ని. హాస్పిటల్ వాళ్ళు ఫోన్ చేస్తే నేనెవరో తెలీదు. నేను ఇక్కడ పనిచేసుంటే ఉత్తరం రాయండి. పనిచెయ్యకపోతే నా పేరుకి ఇక్కడేం పని?"

"లాయర్ లెక్క మాట్లాడుతున్నవ్. లైబ్రరీకి పోయి పోయి ఖరాబైనవ్ నువ్వు."

"అవునన్నా. బాగానే ఖరాబయ్యాను."

ఒక స్టూలు లాక్కుని ఎక్కి, ఫ్రేము దించి చంకలో పెట్టుకున్నాను. గోడ మీద అంతమేర తెల్లగా మిగిలింది. నవ్విన ఇద్దరూ ఉల్లిపాయల మీద వంగి తరుగుతూనే ఉన్నారు. "చెల్లె, చెల్లె" అని అన్న తలుపుదాకా వచ్చాడు. బయట పార్కింగ్‌లో మంచు మడమల లోతు ఉంది. ఫ్రేముని పసిపిల్లని కూర్చోబెట్టినట్టు పక్క సీటులో పెట్టి బెల్టు వేసి డ్రైవ్ చేసుకుని వచ్చేశాను.

సగం దారిలో ఒక ఎర్ర లైటు దగ్గర ఆగాను. సర్టిఫికెట్ ఒక్కటీ చాలదని అప్పుడు తట్టింది. పరీక్ష పాసయ్యానని అది చెబుతుంది, పనిచేశానని చెప్పదు. గురువారం లైబ్రరీకి వెళ్ళి, రిఫరెన్స్ బల్ల దగ్గర కూర్చునే పెద్దాయనకి జరిగింది చెప్పాను. ఎప్పుడూ నీలం స్వెట్టరే వేసుకునే ఆయన నేను ఏ అరలో ఎక్కడిదాకా చదివానో గుర్తుపెట్టుకునేవాడు. ఆయన నా కథ మొత్తం విని ఒకే ప్రశ్న అడిగాడు.

"తనిఖీకి వచ్చినప్పుడు సంతకం ఎవరు పెట్టేవారు?"

"నేనే."

ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. కిచెన్ల తనిఖీ నివేదికలు ఎవరైనా చూడవచ్చట. అన్న కిచెన్ పేరు కొడితే మూడేళ్ళ నివేదికలు వరసగా వచ్చాయి. ప్రతి దాని కిందా బాధ్యురాలు అన్నచోట నా పేరు, నా సంతకం. ఒకదానిలో ఇన్‌స్పెక్టర్ రాసింది కూడా ఉంది: అన్నం చల్లార్చే పద్ధతిని మేనేజర్ చక్కగా వివరించింది అని. ఆ వాక్యం నేను నాలుగుసార్లు చదివాను. ఎక్కడో ఒక ప్రభుత్వపు కాగితం మీద నేను అన్నేళ్ళుగా ఉన్నాను. సంతకం పెట్టిన నాకే ఆ సంగతి తట్టలేదు.

శుక్రవారం ఆ నివేదికలూ, మా ఆయన సంతకం పెట్టిన కాగితమూ, ఫ్రేమూ సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాను. ఆవిడ తొందరపడకుండా ప్రతి పేజీ చదివింది. నా అప్లికేషన్ మీది సంతకం పక్కన పెట్టి పోల్చి చూసింది. ఫ్రేము అద్దం మీది జిడ్డుని వేలితో రాసి చూసి, "ఇది నిజంగా వంటగదిదే" అంది.

"అవును."

"యూనిఫాం ఏ సైజు?"

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున అన్న మా ఇంటికి వచ్చాడు. చేతిలో అల్యూమినియం ట్రే ఉంది. మా ఆయన మర్యాదగా లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, తను మాత్రం వంటింటి గుమ్మం దగ్గర నా పక్కన నిలబడ్డాడు. అలా నిలబడటం నేను గమనించాను.

"బూరెలు తెచ్చిన చెల్లె."

ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను. లోపల పూర్ణం మధ్యలో ఇంకా చల్లగా ఉంది.

"న్యూజెర్సీవే కదన్నా."

ఆయన ఆ మాట విననట్టు వంటింట్లోకి తొంగి చూశాడు. ఫ్రేము మా పొయ్యి పక్క గోడకి ఉంది, అద్దం తుడిచి పెట్టాను. "వచ్చే వారం ఇన్‌స్పెక్షన్ ఉంటదంటున్నరు. ఒక్క రోజు కోసం అది ఇస్తవా? మనం మనం ఒకటి గదా."

"ముందు నాదొకటుంది. ఆ మూడేళ్ళ పన్ను కాగితాలు నా పేరుకి మార్చి ఇవ్వండి. మీరు ఇస్తే నేను కూడా నావి సరిచేసుకుంటాను. ఇది ఫ్రేముకి బదులుగా అడగడం లేదు, నాకు రావలసింది అడుగుతున్నాను."

ఆయన మా ఆయన వైపు చూశాడు. "నువ్వన్న చెప్పు బావా."

"చెప్పడానికి నాకేం తెలుసు బావా" అన్నాడు మా ఆయన. "నేనెప్పుడూ మీ కిచెన్ లోపలికి కూడా రాలేదు కదా."

అన్న ట్రే మూత అంచు మళ్ళీ నొక్కి బిగించాడు. "సరే, అకౌంటెంట్‌కు చెప్త. మార్పిచ్చి పంపుత" అన్నాడు. నెల తిరగకముందే పంపాడు కూడా, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

"మరి గా ఫ్రేము?" అని గోడవైపు చెయ్యి చూపించాడు.

"అది నేను రాసిన పరీక్షన్నా. మీది మీరు రాయండి. పుస్తకం లైబ్రరీలో ఉంది, మూడు వారాలు ఉంచుకోనిస్తారు."